జెనోవా కలం చిత్రం, నల్లగొండ ఇల్లు: కర్తను వెతికే సేవపై ఒక సమీక్ష

మా తాతగారు ఉపదేశిగా పనిచేసిన రోజుల్లో, అంటే 1976లో నల్లగొండ కతోలిక మేత్రాసనం (డయోసిస్) ఏర్పడటానికి చాలా ముందు, మిలాన్ నుంచి వచ్చిన ఇటలీ గురువులొకరు స్వదేశానికి తిరిగి వెళ్తూ ఆయన చేతిలో ఒక పాత పూజా గ్రంథం పెట్టి వెళ్లారు. ఆ పుస్తకం చివరి అట్టకూ చివరి పుటకూ మధ్య ఒక కలం చిత్రం ఉండేది. తిరుకుటుంబం చిత్రమది. మరియమాత ఒడిలో బాల యేసు, వెనుక చేతికర్రపై ఆనుకున్న జోజప్ప (యోసేపు), పక్కన ఒక విరిగిన స్తంభం. గోధుమరంగు సిరాతో గీతలు, వాటిపై అదే రంగులో పల్చటి నీటిపూత. కొలత 26 సెంటీమీటర్ల పొడవు, 19 సెంటీమీటర్ల వెడల్పు. వెనుకవైపు ఎవరో పాతకాలపు దస్తూరిలో "కాంజాసి" అని రోమన్ లిపిలో రాశారు. మా నాన్నగారు ఏటా క్రిస్మస్‌కు ముందు దాన్ని బయటికి తీసి, మాకు చూపించి, మళ్లీ పుస్తకంలోనే పెట్టేవారు. ముప్పై ఏళ్లకు పైగా పాఠశాలలో డ్రాయింగ్ నేర్పిన నాకు, ఉద్యోగ విరమణ తరువాత, ఈ చిత్రాన్ని గీసిన చెయ్యి ఎవరిదో తెలుసుకోవాలని గట్టిగా అనిపించింది. అందుకోసం నేను రెండు సేవలను ఆశ్రయించాను. మొదటిదాని వల్ల నష్టపోయాను, రెండవదాని వల్ల ఎంతో నేర్చుకున్నాను. ఈ సమీక్ష ముఖ్యంగా ఆ రెండవ సేవ గురించి.

మొదటి సంస్థ విదేశంలో ఉంది. దాని పేరు రాయను. రెండు ఫోటోలు, 16,000 రూపాయలకు సమానమైన రుసుము పంపితే రెండు రోజుల్లో నిర్ణయం చెబుతామన్నారు, అన్నట్టే చెప్పారు. బంగారు రంగు ముద్ర వేసిన ధ్రువపత్రం మీద "లూకా కాంబియాసో" అని పెద్ద అక్షరాలతో ఉంది. ఎందుకు కాంబియాసో అన్నారో ఒక్క వాక్యమైనా లేదు. చివరి పుట అడుగున మాత్రం, ఇది అభిప్రాయం మాత్రమేననీ, దేనికీ పూచీ లేదనీ సన్నని అక్షరాల్లో ఉంది. అంతటితో ఆగకుండా, "తుది నిర్ధారణ" కోసం అసలు చిత్రాన్నే కొరియర్‌లో పంపమని అడిగారు. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళాఖండాన్ని మన దేశం నుంచి బయటికి పంపే అధికారం కేంద్ర ప్రభుత్వానికీ, అది అనుమతించిన సంస్థలకూ తప్ప మామూలు పౌరులకు లేదు. ఈ సంగతి తెలియని పెద్దమనిషి ఎవరైనా ఆ మాట నమ్మి చిత్రాన్ని కవరులో పెట్టి పంపితే, వస్తువు పోవడమే కాకుండా నేరం కూడా ఆయన మెడకే చుట్టుకుంటుంది. ఇంట్లో పాత కాగితాలు ఉన్నవారందరూ ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే నేను పోగొట్టుకున్న డబ్బుకు కొంతైనా ఫలితం దక్కినట్టే.

రెండవ సేవను నడిపేది ఒక్క మనిషి. ఇటలీలో ఒక మ్యూజియంలో చిత్రలేఖనాల విభాగాన్ని చూసి విశ్రాంతి తీసుకుంటున్న మహిళ ఆమె. ప్రచారం వద్దన్నారు కాబట్టి ఆమె పేరు కూడా రాయడం లేదు. మా మేత్రాసనంలో చదువుకుని రోమ్‌లో ఉంటున్న ఒక గురువు ద్వారా ఆమె గురించి తెలిసింది. నా మొదటి ఉత్తరానికి ఆమె ఇచ్చిన జవాబులోని మొదటి వాక్యమే నన్ను కట్టిపడేసింది: "అసలు చిత్రాన్ని దయచేసి ఇల్లు దాటించవద్దు." ఆ తరువాత ఆమె కర్త ఊసే ఎత్తకుండా పద్నాలుగు ఫోటోలు అడిగారు. ముందువైపు, వెనుకవైపు, నాలుగు అంచులు, నాలుగు మూలలు, పక్కన స్కేలు పెట్టి ఒకటి, వెనుక నుంచి వెలుతురు వేసి ఒకటి, పక్క నుంచి ఏటవాలుగా వెలుతురు వేసి రెండు. ఏ ఫోటో ఎందుకో కూడా ఒక్కొక్క వాక్యంలో రాశారు. రుసుము 11,000 రూపాయల లోపు. అదీ నివేదిక చేతికి అందిన తరువాతనే.

ఈ ఫోటోలు తీయడమే నాకు పెద్ద చదువైంది. వెనుక వెలుతురు కోసం పిల్లల టాబ్లెట్ తెరను తెల్లగా వెలిగించి, దానిపై పల్చటి గాజు పెట్టి, ఆపైన చిత్రాన్ని ఉంచాము. కాగితంలో సన్నని అడ్డగీతలు దగ్గరదగ్గరగా, వాటికి అడ్డంగా నిలువు గీతలు అంగుళానికొకటి చొప్పున కనిపించాయి. గుడ్డపేలికల గుజ్జును తీగల జల్లెడతో ఎత్తి చేసిన కాగితమని దానితో తేలింది; తీగ గుర్తులు లేని నున్నని నేత కాగితం ఐరోపాలో 1750ల తరువాతే వచ్చింది. ఆ గీతల నడుమ, బాల యేసు పాదాల దిగువన, ఒకదాని కింద ఒకటిగా మూడు వృత్తాలు, వాటిపైన ఒక చిన్న సిలువ వెలుగులో తేలాయి. ఇన్నేళ్లుగా మా ఇంట్లోనే ఉన్న ఆ నీటిగుర్తును, అంటే కాగితం తయారీలోనే పడే ఆ వాటర్‌మార్క్‌ను, మా నాన్నగారు కూడా ఎప్పుడూ చూడలేదు. ఆయన బతికి ఉంటే ఆ రోజు ఎంత సంబరపడేవారో అనిపించింది.

ఏటవాలు వెలుతురు ఫోటో రాత్రిపూట తీయమన్నారు. గదిలో దీపాలన్నీ ఆర్పి, ఫోన్ టార్చిని బల్లకు దాదాపు ఆనించి పట్టుకుంటే, కాగితపు నున్నదనమంతా పోయి ఎత్తుపల్లాలు పైకి వచ్చాయి. ఫోటో తీస్తున్న మా మేనకోడలు ఒక్కసారిగా ఆగి, "మామయ్యా, జోజప్ప భుజం దగ్గర గీత పక్కనే ఇంకో గీత ఉంది, దానికి సిరా లేదు" అంది. వంగి భూతద్దంతో చూశాను. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. మొన అరిగిన సూదితో నొక్కినట్టు ఒక సన్నని గాడి, సిరా గీతకు వెంట్రుకవాసి దూరంలో సాగి, మోచేయి దగ్గర దానితో కలిసి, మళ్లీ విడిపోయింది. అవి రెండూ కలిసిన చోట సిరా గాడిలోకి దిగి నల్లగా గడ్డకట్టి ఉంది. అంటే గాడి ముందు పడింది, సిరా తరువాత వచ్చింది. ఆ పాటికే నాకు సగం సంగతి అర్థమైంది గాని, నివేదిక వచ్చేదాకా నోరు విప్పలేదు.

ఏడు వారాలకు నాలుగు పుటల నివేదిక వచ్చింది. దాన్ని ఇక్కడ కొంత వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ రకమైన సేవలో మనం కొనుక్కునేది ఆ తర్కమే. ముందుగా ఆమె కాంబియాసో ఎవరో, ఆ పేరు ఎందుకు తోస్తుందో రాశారు. లూకా కాంబియాసో జెనోవా చిత్రకారుడు. 1527లో పుట్టి, స్పెయిన్ రాజు రెండవ ఫిలిప్ పిలుపుపై 1583లో మాడ్రిడ్ దగ్గరి ఎస్కోరియల్ రాజప్రాసాదానికి వెళ్లి, 1585లో అక్కడే కన్నుమూశాడు. ఒక దశలో మనిషి దేహాన్ని పెట్టెల్లాగా, పలకల్లాగా సులువు చేసి గీయడం అతని ప్రత్యేకత. మా చిత్రంలో మరియమాత మోకాలు నిజంగానే ఒక పెట్టె మూలలాగే ఉంది. వెనుక ఉన్న "కాంజాసి" అతని ఇంటిపేరుకే మరో పాత రూపం. కాబట్టి ఆ పేరు రాసినవారు గుడ్డిగా రాయలేదని ఆమె ఒప్పుకున్నారు.

అక్కడినుంచి ఒక్కొక్క మెట్టూ దిగడం మొదలైంది. సిలువ కింద మూడు వృత్తాల గుర్తు ఉన్న కాగితం జెనోవా ప్రాంతంలో, ముఖ్యంగా వోల్త్రి కాగితపు మిల్లులలో, 17వ శతాబ్దంలో విరివిగా తయారైంది. బ్రికే అనే పరిశోధకుడు 1907లో అచ్చువేసిన 16,112 నీటిగుర్తుల సంకలనం 1600 దగ్గర ఆగిపోతుంది కాబట్టి, ఆ తరువాతి వాటికి హీవుడ్ 1950 నాటి సంకలనంతో పోల్చి చూశానని ఆమె రాశారు. 1585లో చనిపోయిన మనిషి ఆ తరువాతి తరం కాగితం మీద గీయలేడు. ఇక గాడి సంగతి: మరో చిత్రాన్ని ఈ కాగితంపై పరచి, దాని గీతల వెంట మొన లేని సూదిని నొక్కుతూ పోయి, ఏర్పడిన గాళ్ల మీద సిరా పూశారు. అంటే ఇది నకలు. మూడవది నాకు, డ్రాయింగ్ నేర్పినవాడిగా, అన్నిటికంటే బలంగా తోచింది. జోజప్ప చేతి మడత దగ్గర ఒక గీత బయలుదేరి ఎక్కడికీ చేరకుండా ఆగిపోతుంది. అది బట్ట మడతా, చెయ్యి అంచా అన్నది గీసినవాడికే తెలియలేదు. సొంతంగా ఆలోచించి గీసేవాడి గీత తప్పు కావచ్చు, దిద్దుకోవచ్చు, గాని దేన్ని గీస్తున్నాడో దానికి తెలుస్తుంది. మా చిత్రంలో ఒక్క దిద్దుబాటూ లేదు. నా తరగతిలో పక్కవాడి బొమ్మ చూసి వేసిన పిల్లవాణ్ని నేను ఇదే గుర్తుతో పట్టుకునేవాణ్ని. మా ఇంటి చిత్రం విషయంలో మాత్రం ఆ చూపు నాకు కొరవడింది.

ఆమె ఇచ్చిన నిర్ణయం ఇది: లూకా కాంబియాసో అనుయాయి, ఆయన రచన ఒకదాన్ని అనుసరించి, జెనోవా, 17వ శతాబ్దపు మొదటి సగం. వేలం సంస్థల జాబితాలు చూసేవారికి ఈ మెట్లు తెలిసే ఉంటాయి. "అట్రిబ్యూటెడ్ టు" అంటే బహుశా అతనిదే. "స్టూడియో ఆఫ్" అంటే అతని పనిశాలలో, బహుశా అతని కనుసన్నల్లో. "సర్కిల్ ఆఫ్" అంటే అతని కాలంలోనే అతని ప్రభావంలో ఉన్నవారు. "ఫాలోయర్ ఆఫ్" అంటే అతని బాటలో నడిచినవారు, అతని శిష్యులే కానక్కరలేదు. "మేనర్ ఆఫ్" అంటే అతని ధోరణిలో తరువాతి కాలంలో ఎవరో. "ఆఫ్టర్" అంటే నకలు. తెలుగువారికి ఇది కొత్త సంగతేమీ కాదు. "విశ్వదాభిరామ వినురవేమ" అన్న మకుటం తగిలించిన పద్యమల్లా వేమన చెప్పిందే అని పండితులెవరూ అనరు; ఆ మకుటంతో తరువాతివారు కట్టిన పద్యాలు ఎన్నో ఉన్నాయి, వాటిలో మంచివీ ఉన్నాయి. మా చిత్రం వెనుక ఉన్న "కాంజాసి" అటువంటి మకుటమే.

సిరా గురించి ఆమె రాసిన అర పుట విడిగా చెప్పుకోదగింది. మరియమాత చేతి అంచున, సిరా చిక్కగా పడిన చోట, కాగితం చిల్లి పడి వెనుక బల్ల కనిపిస్తుంది. చిన్నప్పుడు అది చెదల పని అనుకునేవాళ్లం. అది మాచికాయల కషాయంలో అన్నభేది కలిపి, తుమ్మజిగురుతో చిక్కబరచిన సిరా చేసిన పని. మన పల్లెల్లో కరక్కాయలతో, అన్నభేదితో చేసుకున్న సిరాకు అది దగ్గరి చుట్టం. రాసిన కొద్దిసేపటికి నల్లబడి, కాలం గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది, తనలోని ఆమ్లంతో కాగితాన్ని మెల్లగా తినేస్తుంది. చెమ్మ తగిలితే ఆ తినడం ఇంకా వేగమవుతుంది. కాబట్టి చిత్రాన్ని ఎప్పుడూ తడిగుడ్డతో తుడవవద్దని, లామినేషన్ చేయించవద్దని, ఆమ్లం లేని కాగితంలో చుట్టి పెట్టమని ఆమె మరీ మరీ రాశారు. నేను రెండేళ్ల క్రితం గడియారం సెంటరు దగ్గర ఒక ఫ్రేముల దుకాణంలో దీన్ని లామినేషన్ చేయించబోయాను. ఆ దుకాణం ముసలాయన చేతిలోకి తీసుకుని, "సారూ, ఇది వేడి తట్టుకోదు, తీసుకపోండి" అని వెనక్కి ఇచ్చాడు. ఆయనకు నేను ఎంతో రుణపడి ఉన్నాను.

అయితే పాత కాగితం, పాత సిరా ఉన్నంత మాత్రాన చిత్రం పాతదని నమ్మకూడదని కూడా ఆమె హెచ్చరించారు. ఎరిక్ హెబ్బోర్న్ అనే ఆంగ్లేయుడు పాత పుస్తకాల ఖాళీ పుటలు సంపాదించి, వాటిపై ఇటలీ పూర్వ చిత్రకారుల పేర్లతో కలం చిత్రాలు గీసి పెద్ద పెద్ద మ్యూజియంలను మోసగించాడు. 1978లో వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో పనిచేసే కాన్రాడ్ ఓబర్‌హూబర్, తమ దగ్గర ఒక పేరుతోనూ, న్యూయార్క్‌లోని మోర్గన్ గ్రంథాలయంలో మరో పేరుతోనూ ఉన్న రెండు చిత్రాలు ఒకే రకమైన కాగితం మీద ఉన్నాయని గమనించడంతో ఆ గుట్టు బయటపడింది. అంచుల ఫోటోలు ఎంత అవసరమో నాకు అప్పుడు పూర్తిగా బోధపడింది. పుస్తకం నుంచి కోసిన అంచు ఒక తీరుగా ఉంటుంది, విడి కాగితపు అంచు మరో తీరుగా ఉంటుంది. మా చిత్రపు మూడు అంచులు కత్తిరించినవే అయినా, నాలుగవది కాగితపు తయారీలోనే ఏర్పడిన సహజమైన పిచ్చి అంచు.

మూలల ఫోటోలు సేకర్తల ముద్రల కోసం. వెనుకటి సేకర్తలు తమ చిత్రాల మూలల్లో చిన్న ముద్రలు వేసుకునేవారు. ఫ్రిట్స్ లూగ్ట్ వాటన్నిటినీ పోగుచేసి 1921లో ఒక సంపుటం, 1956లో అనుబంధం వేశాడు; 2010 నుంచి ప్యారిస్‌లోని ఫొండాసియో కుస్తోదియా ఆ జాబితాను ఇంటర్నెట్‌లో ఎవరికైనా ఉచితంగా అందిస్తోంది. ఉదాహరణకు ఇంగ్లండులో స్థిరపడ్డ డచ్చి చిత్రకారుడు పీటర్ లేలీ ముద్రకు ఆ జాబితాలో సంఖ్య లూగ్ట్ 2092. మా చిత్రంపై ముద్ర ఏదీ దొరకలేదు గాని, ఈ జాబితాను నేను రాత్రులు కూర్చుని చదివాను. ఫ్రెంచి భాష రాకపోయినా ముద్ర ఆకారాన్ని బట్టి వెతకవచ్చు. డబ్బు ఖర్చు పెట్టే ముందు ఎవరైనా ఇక్కడ మొదలుపెట్టాలని నా సలహా.

ఈ సేవలో లోపాలు లేకపోలేదు. ఏడు వారాలు ఎదురుచూడాలి, మధ్యలో ఉత్తరం రాస్తే జవాబుకు పది రోజులు పట్టింది. నివేదిక ఇంగ్లిషులోనే వస్తుంది, అదీ వృత్తి పదాలతో; మా మేనకోడలు లేకపోతే రెండు పుటలు నాకు అర్థమయ్యేవి కావు. అంతా ఫోటోల మీదే ఆధారపడుతుంది కాబట్టి సిరాను ప్రయోగశాలలో పరీక్షించినట్టు కాదు. ఈ మాట ఆమె తానే మొదటి పుటలో రాశారు. ధర చెప్పరు. ఈ ఒక్కటి నేను లోపంగా లెక్కించను, ఎందుకంటే కర్త ఎవరో చెప్పేవారు ధర కూడా చెబితే ఆ రెండు మాటలూ ఒకదాన్నొకటి లాగుతాయి. అమ్ముకోవాలనుకునేవారికి మాత్రం ఈ సేవ సరిపోదు. తమ ఇంట్లో ఉన్నది ఏమిటో నిజంగా తెలుసుకోవాలనుకునేవారికి ఇంతకంటే మేలైనది నేను చూడలేదు.

మా బంధువుల్లో కొందరు, పెద్ద పేరు పోయిందని, నేను డబ్బిచ్చి నష్టం కొనుక్కున్నానని అన్నారు. నాకు అలా అనిపించలేదు. దాదాపు నాలుగు వందల ఏళ్ల క్రితం జెనోవాలో ఎవరో ఒక యువకుడు కాంబియాసో బొమ్మను తన కాగితంపై పరచి, సూదితో నొక్కి, ఈకకలంతో ఆ గాళ్ల వెంట నడిచి, జోజప్ప మోచేయి దగ్గర దారి తప్పాడు. ఆ తప్పటడుగు నాకు ఇప్పుడు వేలితో చూపించగలిగినంత స్పష్టంగా తెలుసు. బంగారు ముద్ర ఉన్న ధ్రువపత్రం చేతిలో ఉన్నన్నాళ్లు నేను చిత్రాన్ని సరిగా చూడనే లేదు.

నివేదిక చివర ఆమె ఒక పని అప్పగించారు. వెనుకవైపు కింది మూలలో పాత జిగురు పట్టీ ఒకటి అతుక్కుని ఉంది, దాని కింద రెండు మూడు అక్షరాల తోకలు కనిపిస్తున్నాయి. దాన్ని నేను స్వయంగా ఊడదీయకూడదని, కాగితపు సంరక్షణ నేర్చినవారితోనే తీయించాలని, అదీ వానలు తగ్గిన తరువాతేనని రాశారు. హైదరాబాదులో ఒకరు ఒప్పుకున్నారు. నవంబరులో చిత్రాన్ని తీసుకుని వెళ్తున్నాను. ఆ పట్టీ కింద ఏమి తేలినా ఆ ఫోటోను అదనపు రుసుము లేకుండా చూస్తానని ఆమె మాట ఇచ్చారు.